అమ్మ కడుపునొప్పి

పోయిన వారం ఉప్పల్ నుంచి నాచారం మీదుగా వెళ్తుంటే, నేను మొట్టమొదట ఉద్యోగం చేసిన నర్సింగ్ హోమ్ మేడ కనిపించింది. ఇప్పుడు అందులో టైల్స్ అమ్ముతున్నారు. కాన్పుల గది ఉన్నచోట మెరిసిపోయే వాష్‌బేసిన్లు వరసగా పెట్టారు. ఆటో ఆపించి అద్దంలోంచి అలా చూస్తుండిపోయాను. లోపలి అమ్మాయి బయటికొచ్చి, "ఏం గావాలె మేడం?" అని అడిగింది. ఏం కావాలని చెప్పను? ఆ గదిలో ఒక ఉదయం ఏ చేతికి ఏ గ్లోవ్ వేసుకున్నానో నాకే తెలియలేదని ఆ పిల్లకి చెప్తే నవ్విపోతుంది.

ఎనభైల చివర్లో, నర్సింగ్ చదువు ముగించి అక్కడ చేరాను. నాన్న నాచారంలోనే ఒక కార్ఖానాలో ఫిట్టరు. నర్సు పని ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు. "ఎవలెవలిదో నెత్తురు కడుగుడు నీకెందుకు బిడ్డా, టైపు నేర్సుకో" అనేవాడు. అమ్మే పట్టుబట్టి పంపింది. చేరిన నాలుగు నెలలకే నా నడక మారిపోయింది. ఉప్పల్‌లో మా గల్లీ ఆడవాళ్ళు వాకిట్లోకి వస్తే, వాళ్ళు మెట్టెక్కే తీరు చూసి ఎన్నో నెలో చెప్పేదాన్ని. పది కాన్పులు చూసిన దానికి అంత పొగరేమిటని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పుడు నాకంటే తెలిసినవాళ్ళు లేరనే అనుకున్నాను.

ఆ ఉదయం ఎనిమిదిన్నరకి, పక్కింటి అత్త మా అమ్మని ఆటోలో తీసుకొచ్చింది. నలభైకి దగ్గరపడిన మనిషి, కాస్త ఒళ్ళున్న మనిషి, చలికాలమని భుజాల చుట్టూ కొంగు కప్పుకుని ఒంగిపోయి నడుస్తోంది. "రాత్రి అలసంద వడలు తిన్నదంట, గ్యాసే అయ్యుంటది" అంది అత్త. నేనూ అదే అనుకున్నాను. బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి వేశాను. రాయిలా గట్టిగా ఉంది. కాసేపటికి మెత్తబడింది. మెత్తబడ్డ చోట నా అరచేతిని లోపల్నుంచి ఎవరో తన్నారు.

నేను చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను. అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

డాక్టరమ్మ కీసర గుడికి వెళ్ళి ఇంకా రాలేదు. గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్ద సిస్టర్ ఒక్కతే ఉంది. తెర అవతల ఇంకో ఆమెకు బిడ్డ తల కనబడుతోంది, సిస్టర్ అక్కణ్ణుంచి కదలడానికి లేదు. నేను తెర పట్టుకుని, "సిస్టర్, మా అమ్మ..." అని ఆగిపోయాను. ఆవిడ నా మొహం చూసి, తెర తప్పించి అటు చూసి, అంతా అర్థం చేసుకుంది. "అమ్మని తర్వాత చూసుకుందువు గాని. ముందు పేషెంటుని చూడు. గ్లోవ్స్ వేసుకో!" అని గదిమింది.

వేసుకున్నాను. ఏ చేతికి ఏది వేసుకున్నానో గుర్తులేదు. అరగంటలో అమ్మకి బిడ్డ తల వచ్చింది. మెడ చుట్టూ బొడ్డుతాడు రెండు చుట్లు. నేను గట్టిగా అరిచాను. తెర అవతలి నుంచి, "వేలు దూర్చి తల మీదుగా తప్పించు. లాగకు" అని సిస్టర్ నెమ్మదైన గొంతు. ఆవిడ అక్కడ కుట్లు వేస్తోంది. ఒక చుట్టు, రెండో చుట్టు. బిడ్డ నా చేతుల్లోకి జారాడు, నేరేడు పండు రంగులో. ఏడవలేదు. సన్న గొట్టంతో గొంతులో నీరు పీల్చాను, వీపు రుద్దాను, పాదాలు తట్టాను. అమ్మ తల ఎత్తి, "ఏమైందే? ఏడుస్తలేడేంది?" అంటోంది. మళ్ళీ పీల్చాను, మళ్ళీ రుద్దాను. చివరికి పిల్లికూనలాగా చిన్న శబ్దం చేశాడు. ఆ వెంటనే మేడంతా వినబడేలా ఏడుపు అందుకున్నాడు.

మధ్యాహ్నం నాన్న పని బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. కడుపునొప్పి అని మాత్రమే కబురందింది. పెద్ద సిస్టర్ నవ్వుతూ, "కొడుకండీ" అంది. నాన్న వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరితోనో చెప్తోందనుకుని. "ఎవలికి?" అన్నాడు. అమ్మకేననీ, కాన్పు చేసింది నేనేననీ తెలిశాక బెంచీ మీద కూలబడ్డాడు. ఆ తర్వాత నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. టైపు మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

సాయంత్రం అమ్మ దగ్గర కూర్చున్నాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి. "ఎందుకు జెప్పలేదమ్మా? అటో ఇటో అయితే?"

"నీకెట్ల జెప్పాలె? నీ పెండ్లి మాటలు నడువవట్టె. ఈ ఈడుల నాకు గిదేందని నలుగురు నవ్వరా?" అంది. బిడ్డ మీది గుడ్డ సర్దుతూ, "రోజూ నీ దిక్కే సూస్తుంటి. నర్సువు గదా, నీకే ఎరుకైతదేమో అని" అంది.

ఆ మాట విన్నాక ముప్పై ఏళ్ళు కాన్పుల గదుల్లోనే గడిపాను. ఎవరొచ్చినా పొట్టకంటే ముందు మొహం చూడడం అలవాటు చేసుకున్నాను. ఎందరి బిడ్డలు ఏ క్షణానికి పుట్టారో గోడ గడియారం చూసి రాశాను. ఒకే కప్పు కింద, ఒకే కంచం పక్కన కూర్చున్న మనిషి తొమ్మిది నెలలు అంత బరువుగా నడుస్తుంటే మాత్రం నాకు అప్పుడు కనబడలేదు.