దయ్యాన్ని దోస్తు చేసిన లతక్క

నిన్న పొద్దున ఎస్-బాన్ రైల్లో ఆఫీసుకు వెళ్తుంటే రవన్న మెసేజ్ వచ్చింది.

"లత పోయిందమ్మా."

అంతే.

నేను దిగాల్సిన స్టేషన్ వచ్చింది, వెళ్ళిపోయింది. నేను సీట్లోనే ఉన్నాను.

సోమవారం కూడా కోవిడ్ వార్డు నుంచి వాయిస్ మెసేజ్ పెట్టింది. తనకే ఊపిరి అందడం లేదు, మళ్ళీ "చిన్నికి దగ్గు తగ్గిందా?" అని అడిగింది. చిన్ని మా అమ్మాయి. మూడేళ్ళది.

మన తెలుగు అమ్మానాన్నల గ్రూప్‌లో అక్క తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. లతక్కది వరంగల్. ఇక్కడ జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. రవన్న ఆమె భర్త. మేముండేది స్టుట్‌గార్ట్‌లో.

మొదటి లాక్‌డౌన్‌లో పగలు పిల్లల్ని చూసుకునే కీటాలు మూసేశారు. ఇంట్లో పిల్లలు నెత్తినెక్కి కూర్చుంటే, మనమేమో ల్యాప్‌టాప్‌లు పట్టుకుని బాత్రూమ్‌లో మీటింగులు చేసుకున్నాం. అప్పుడు లతక్కే ముందుకొచ్చింది.

"శనివారం ఐదింటికి వీడియో ముందల కూసోబెట్టుర్రి. అర్ధగంట నేను చూస్కుంట" అంది.

తనకు పిల్లలు లేరు. ఓపిక మాత్రం మనందరిదీ కలిపినా సరిపోనంత ఉండేది.

ఆ ఏడాది హాలోవీన్‌కు ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడిగే అవకాశం లేదు. అక్క ఒక ఇంగ్లిష్ బొమ్మల పుస్తకం తెప్పించింది. చిన్నపిల్లల కోసం ప్రాసలతో రాసిన దయ్యాల పుస్తకం. ఇంట్లో తెలుగు, కీటాలో జర్మన్ వినే మన పిల్లలకు ఆ ఇంగ్లిష్ ఏం ఎక్కుతుంది? అందుకే ప్రతి పేజీలో అక్షరాల మీద తెల్ల కాగితం అతికించి, తనే తెలుగులో పాట కట్టి రాసింది.

గుమ్మంలోన గుమ్మడిపండు,
నోట్లో చూస్తే పళ్ళే రెండు!
కొరుకుతుందా? కొరకదు, కొరకదు,
బువ్వ పెడితే అసలే వదలదు!

ఆ రోజు రాజమండ్రి నుంచి మా అత్తయ్య కూడా కాల్‌లో ఉంది. కళ్ళూ నోరూ చెక్కిన ఆ గుమ్మడికాయ బొమ్మ చూసి, "దిష్టి గుమ్మడికాయ భలే ఉందండీ! ఎవరిదండీ గృహప్రవేశం?" అని అడిగింది.

లతక్క పడీ పడీ నవ్వింది. "మనోళ్ళు గుమ్మం మీద కడ్తరు, ఈళ్ళు గుమ్మం ముంగట పెడ్తరు. గంతే తేడా అత్తమ్మా!"

మరుసటి వారానికి ఆ గుమ్మడికాయకు పసుపు, కుంకుమ బొట్లు కూడా వచ్చేశాయి.

నాకు పడిన చీవాట్లు కూడా చెప్పాలి. ఒకసారి కథ మొదలయ్యే ముందు చిన్ని అన్నం తినడం లేదని, "తినకపోతే బూచాడు ఎత్తుకుపోతాడు" అన్నాను. మైక్ ఆన్‌లో ఉందని చూసుకోలేదు.

"ఏందే మాధవీ! నేను వారమంతా కూసోని దయ్యాన్ని దోస్తు చేస్తే, నువ్వు ఒక్క ముద్ద కోసం మల్ల దాన్ని దయ్యం చేస్తివి గదనే!"

అందరి ముందే అంది. పిల్లలకు అబద్ధం చెబితే అక్క అసలు ఊరుకోదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో బూచాడి పేరు బంద్.

ఇప్పుడు అసలు సంగతి. నిన్నటి నుంచి మన గ్రూప్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న. రేపు శనివారం. పిల్లలకేం చెప్పాలి?

"ఆంటీ ఇండియా వెళ్ళిందని చెబుదాం" అని చాలామంది రాశారు. నిన్న సాయంత్రం అన్నం పెడుతూ మా ఆయన చిన్నికి అదే చెప్పాడు.

చిన్ని లేచి వెళ్ళి, నా ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది.

"ఆంటీకి ఆన్‌రూఫెన్!" అంది. ఫోన్ చెయ్యమని.

మన పిల్లలకు ఇండియా అంటే ఫోన్‌లో కనిపించే చోటు. అమ్మమ్మ, తాతయ్య, నానమ్మ అందరూ అక్కడే ఉంటారు. చేస్తే ఎత్తుతారు. ఈ అబద్ధం చెబితే ఇది రోజూ ఫోన్ పట్టుకొచ్చి ఇస్తుంది.

ఫోన్ పక్కన పెట్టి నిజమే చెప్పాను. "ఆంటీ చనిపోయింది నాన్నా. చేసినా ఇంక మాట్లాడదు."

ఎంత అర్థమైందో తెలియదు.

"మరి బుక్ ఎవరు చదువుతారు?"

నాకు ఏడుపు ఆగలేదు. దాని ముందే ఏడ్చాను.

మీ ఇళ్ళలో ఎలా చెప్పాలో మీ ఇష్టం. ఇండియా వెళ్ళిందని మాత్రం చెప్పకండి, ప్లీజ్.

అంత్యక్రియలకు కూడా ఇక్కడ టెర్మిన్ రావాలి, వాళ్ళు తేదీ ఇస్తేనే. కొద్దిమందినే రానిస్తారట. రవన్న దగ్గర ఫ్రెండ్స్ ఉన్నారు, అందరూ ఒకేసారి ఫోన్ చేయకండి.

రేపు ఐదింటికి పిల్లల్ని కూర్చోబెట్టండి. అక్క గ్రూప్‌లో పెట్టిన ఆ పుస్తకం పేజీల ఫోటోలు ప్రింట్ తీశాను. నేను చదువుతాను. మధ్యలో ఏడుపొస్తే, ఏడ్చి మళ్ళీ చదువుతాను. పిల్లలు చూస్తే చూడనీ.

లతక్కా, ఇంక నీకు ఆయాసం లేదు. హాయిగా పడుకో.