అక్క కోసం కట్టిన బండి

మా బావ పోయాడు. మా అక్క భర్త. గాజువాకలో ఇంటి వెనక రేకుల షెడ్డులో పొద్దున్నే పని మొదలుపెట్టి, గుండె పట్టుకుని కూలబడిపోయాడట. పక్కింటివాళ్లు ఆటో పిలిచి ఆయన్ని ఎక్కించారు. నడవలేని అక్కని కూడా ఎత్తి కూర్చోబెట్టే వ్యవధి వాళ్లకి లేదు. ఆస్పత్రి చేరకముందే ఆయన ప్రాణం పోయింది. ఆ సంగతి ఆస్పత్రి నుంచి అక్కకి ఫోనులో నేనే చెప్పాను.

ఆమెని వదిలి వెళ్లిపోయిన ఆ ఆటో నా కళ్లముందు నుంచి పోవడం లేదు. అక్క ఇంకెప్పుడూ ఒకరి చేతుల మీద బండి ఎక్కకూడదనే కదా, బావ ఆ షెడ్డులో పని చేస్తున్నది!

ఆయన మీకెవరికీ తెలియదు. ఓడలకి మరమ్మతులు చేసే చోట వెల్డరు. ఒకప్పుడు ఆదివారం వస్తే అక్కని స్కూటరు మీద యారాడ సముద్రపొడ్డుకి తీసుకెళ్లేవాడు. చేపలు బేరమాడేది అక్క, సంచీ మోసేది ఆయన. అక్క మేడమెట్ల మీంచి పడి వెన్నుపూస దెబ్బతిన్నాక కాళ్లు చచ్చుబడ్డాయి. ఎక్కడికి వెళ్లాలన్నా బావ ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాలి. ఓసారి మద్దిలపాలెంలో డాక్టరుకి చూపించుకుని వస్తుంటే జనం ఆగి మరీ చూశారు. ఇంటికొచ్చాక అక్క, "ఇంక నన్ను మూటలాగ మొయ్యొద్దు. నానెక్కడికీ రాను," అంది. అన్నట్టే గడప దాటడం మానేసింది.

బావ బతిమాలలేదు. పాత మోటారు సైకిలొకటి తెచ్చి ముక్కలుగా విప్పేశాడు. దాని పక్కన మూడో చక్రం మీద సైడ్‌కారులా ఒక తొట్టి రావాలి, తొట్టికో తలుపు. లోపలి సీటు అక్క చక్రాల కుర్చీకి సమానమైన ఎత్తులో ఉండాలి. తలుపు తీస్తే కుర్చీలోంచి అక్క తనంతట తానే జరిగి కూర్చోవాలి. అదీ ఆయన పట్టు.

సెలవు దొరికితే షెడ్డులోనే. అక్క వంటింటి కిటికీ దగ్గర కుర్చీ ఆపుకుని చూస్తూ ఉండేది. వెల్డింగు మొదలెట్టే ముందు, "కళ్లు మూసుకోయే!" అని ఆయన అరిచేవాడు. ఎత్తు కుదరక తొట్టిని మళ్లీ మళ్లీ కోశాడు. నాకే విసుగొచ్చి, "చాల్లే బావా, కాస్త తేడా ఉంటే ఏటవుద్ది?" అన్నాను.

"ఆ కాస్త తేడాకే మీ అక్క మళ్లీ ఎవలికో సెయ్యి సాపాల. ఇనుముకేటి నొప్పి? కోసేద్దాం," అన్నాడు.

ఏది కుదరకపోయినా అదే మాట. కూరలో ఉప్పెక్కువైందని అక్క నొచ్చుకుంటే కూడా "కోసేద్దాం" అనేవాడు. కాళ్లు పోయాక ఆమెని నవ్వించగలిగిన మనిషి ఆయనొక్కడే. ఇప్పుడు ఆ ఇంట్లో నవ్వు లేదు. వస్తుందన్న ఆశ నాకూ లేదు.

కర్మలు అయిన మర్నాడు పాత ఊళ్లో బండి సీట్లు కుట్టే సాయిబు ఒకాయన, తొట్టిలోకి కొత్త సీటు పట్టుకుని వచ్చాడు.

"భాయ్ లేడా? అర్జెంటన్నాడు, ఫోనెత్తట్లేదేటి?"

చెప్పాను. సీటుని పొట్టకి ఆనించుకుని అలాగే నిలబడిపోయాడు.

"బిగించీండి భాయ్," అంది అక్క వెనకనుంచి.

మూడో చక్రం ఇంకా వెయ్యలేదు. తొట్టి ఇటుకల మీద ఆగి ఉంది. సాయిబు సీటు బిగించి పక్కకి తప్పుకున్నాడు. అక్క కుర్చీ చక్రాలు తోసుకుంటూ షెడ్డులోకి వచ్చింది. నేను చెయ్యి అందించబోతే, "పట్టుకోకు," అంది. తలుపు తీసి, అరచేతులు ఆనించి, ఒక్క జరుగు జరిగింది. సీటులో ఉంది.

"సరిగ్గా సరిపోనాదిరా," అంది. బావ పోయిన దగ్గర్నుంచీ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

చక్రం వేయించమంటావా అని కాసేపటికి అడిగాను.

"ఎక్కడికెల్దామనిరా?"

సాయిబు చెప్పులు వేసుకుని చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు. ఎండ పూర్తిగా తగ్గేదాకా అక్క అందులోనే కూర్చుంది, కుడిచెయ్యి పైకి చాచి, పక్కన బావ కూర్చోవలసిన బండి సీటు మీద అరచెయ్యి ఆనించి.