తాళంచెవి నా బొడ్లెనే ఉండె

ఏండ్ల సంది ఒక బరువు మోస్తున్న. తలకాయ మీది గంప అయితే దించుకోవచ్చు, ఎవరన్న ఒక చెయ్యి వేస్తరు. ఇది అట్లాంటిది కాదు. నువ్వెవరో నాకు ఎరుక లేదు, అందుకే నీకు చెప్తున్న. ఎరుకున్నోళ్ళకు చెప్పే ధైర్యం నాకు ఎన్నడు రాలే. నా రాత సక్కగ ఉండదు, వయసు మీద పడ్డంక నేర్చుకున్న అక్షరాలు. అవి ఎవరు నేర్పిన్రో చెప్తే నా మీద నీకు కోపం వస్తది. రానీ. నాకు సుత కోపమే. పాపం ముసల్ది అని మాత్రం అనకు.

కొరుట్లల బీడీలు చేసేటోళ్ళ వాడ మాది. వాడ మొగదల సర్కారు బడి. నేను అండ్ల ఊడ్సుడు, నీళ్ళు పట్టుడు చేసేదాన్ని. బడిల ఒక మూలకు చిన్న గది ఉండె, సూదుల గది అనేటోళ్ళం. వారం వారం జగిత్యాల నుంచి ఒక సిస్టరమ్మ వచ్చేది. పిల్లల కండ్లు చూసేది, చెవులు చూసేది, రక్తం తక్కువున్న ఆడపిల్లలకు గోలీలిచ్చేది. పిల్లలు పోయినంక తల్లులు వచ్చి కూసునేటోళ్ళు. తంబాకు వాసన కొట్టే చేతులు ఒళ్ళె పెట్టుకోని ఒకామె దుబాయి పోయిన మొగడు ఫోను చేస్తలేడని చెప్పుకునేది, ఒకామె తాగొచ్చి కొడుతున్నడని ఏడ్సేది. సిస్టరమ్మ అన్నీ వినేది. అవసరమైతే ఇంటికి పోయి ఆ తాగినోన్ని కూసోబెట్టి మాట్లాడేది. మా వాడోళ్ళను మనుషుల లెక్క పలకరిచ్చిన గది అదొక్కటే.

సిస్టరమ్మది గోదావరి దిక్కు. ప్రతి మాటకు అండి అనేది. ఊడ్సేదాన్ని, నన్ను సుత మీరు అనేది. మందు డబ్బల మీది అక్షరాలు చూపిచ్చి నాకు సదువు చెప్పింది ఆమెనే. గా ముచ్చట బయట ఎవ్వరికి తెల్వది. ఈ వయసుల సదువేందని నవ్వుతరేమోనని నేనే చెప్పలే. నా జిందగీల నేను ముందుగాల సదివింది నా పేరు కాదు. ఒక డబ్బ మీద సిస్టరమ్మ రాసిన పిల్ల పేరు. రమ్య.

రమ్యకు ఫిట్సు వచ్చేది. మా వాడల ఆ రోగాన్ని బయట పడనియ్యరు. నోట్ల నురుగు తాకితే అంటుకుంటదని భయం. తెలిసిందంటే ఆ పిల్ల పక్కన ఎవ్వరు చాట పెట్టుకోని బీడీలు చెయ్యరు, ఆమె తాగిన గిలాసల నీళ్ళు తాగరు. రమ్యోళ్ళది ఒకటే అర్ర, ముందల వాకిలి మాత్రం పాలోళ్ళు, అన్నదమ్ములోళ్ళందరిది. గోలీలు ఇంట్ల పెడితే ఎవరి కంట్లనో పడుతయని తల్లి సుజాత వణికేది. అందుకే సిస్టరమ్మ డబ్బను బడిలనే పెట్టింది. పొద్దుగాల ప్రార్థన అయినంక రమ్య నీళ్ళు తాగుతనని వస్తది, నేను గోలి చేతుల పెడుత. ఒక్కరోజు కూడా తప్పకూడదండీ అని సిస్టరమ్మ మల్ల మల్ల చెప్పేది. గది తాళంచెవి నా బొడ్లె చెక్కి ఉండేది. నన్ను నమ్మి ఎవరన్న ఏమన్న ఇచ్చిన్రంటే నా బతుకుల అదే.

గప్పుడే తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బడులు బంద్, బస్సులు బంద్, ఆఫీసులు బంద్. సిస్టరమ్మ వచ్చే తొవ్వ లేకపాయె. చౌరస్తల టెంటు వేసిన్రు, రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకోని తిన్నం, బతుకమ్మ ఆడినం. తెలంగాణ కావాలన్న మాటల తప్పేం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడు లేదు. నాది ముక్కు మీద గుద్దినట్టు మాట్లాడే నోరు. ఒకనాడు మైకు నా చేతికిచ్చిన్రు. సప్పట్లు కొట్టిన్రు. నిన్నటిదాక ఏయ్, నీళ్ళు తే అన్న సార్లే, అమ్మా, నువ్వు ఇంకో మాట మాట్లాడాలె అన్నరు. ఆ రుచి నాకు నాలుకకు అంటుకున్నది.

అట్ల మాట్లాడి దిగిన ఒక పూట సుజాత వచ్చింది. టెంటు ఎనుక, పొయ్యిల కాడికి నన్ను పిలిచింది.

"అక్కా, జర గది తెరువరాదే. దానికి గోలి పడక వారమైతున్నది."

"మెల్లగ మాట్లాడు. ఎవరన్న ఇంటరు."

"మెల్లగనే అంటున్న. మెడికల్ షాపుల చీటి తెమ్మంటున్నరు. చీటి సుత గదిలనే ఉన్నది. నిమిషం పని అక్కా."

"బడి తాళం నేనే తీస్తే నన్నేమంటరో ఎరుకేనా? సమ్మె ఎవ్వరు ఇడువద్దని గిప్పుడే మైకుల చెప్పొచ్చిన."

"ఎనుక గోడ దిక్కు నుంచి పోదం. ఎవ్వరు చూడరు."

"నీ ఒక్కదాని కోసం సమ్మె ఇడవాల్నా? పిల్ల మంచిగనే తిరుగుతున్నది గద. ఏం గాదు. రేపు చూద్దం తియ్యి."

సుజాత నా నడుము దిక్కు చూసింది. "నీ బొడ్లెనే ఉన్నది గదక్కా," అన్నది.

నేను కొంగు గుంజి దాని మీద కప్పుకున్న.

ఆ చెయ్యి, కొంగు గుంజిన ఆ చెయ్యి, ఇప్పుడు రాస్తున్నది ఇదే. భయపడ్డనా? లేదు. మాపటికి ఎవ్వరు లేనప్పుడు పోయి తెద్దామని అనుకున్న మాట నిజం, కానీ మాపటికి పాట మొదలయ్యేది, నన్ను నడిమిట్ల నిలబెట్టేటోళ్ళు, నాకు గోలి యాది ఉండంగనే యాది లేనట్టు చేసుకున్న, అట్ల యాది లేనట్టు చేసుకునుడు మనిషికి ఎంత అల్కగ వస్తదో నాకు ఆ దినాలల్లనే తెలిసింది. రేపు, రేపు అనుకుంట నేను పోనే పోలే.

ఒకనాడు రమ్య అన్నం గంజి వంచుతుంటే ఫిట్సు వచ్చింది. తల్లి వాకిట్ల బీడీలు చేస్తున్నది. ఉరికొచ్చి చూసేవరకు పిల్ల కుడిచెయ్యి పొయ్యిల ఉన్నది. ఆటోల జగిత్యాలకు తోల్కపోయిన్రు. ఆటో పోవాల్సింది మేము కూసోని బంద్ చేసిన చౌరస్త మీదికెల్లే. ఆటో వస్తుంటే, జరుగున్రి, ఆపతి బండి అని తొవ్వ ఇప్పిచ్చింది నేనే. లోపల ఉన్నది రమ్య అని అప్పుడు చూసిన.

సమ్మె అయిపోయినంక బడి కాడ పంచాయితి అయ్యింది. రోగం సంగతి బయట పడ్డది, గోలీలు బడిల ఉండెనని తెలిసింది. పిల్లకు ఎందుకియ్యలే అని పెద్దసారు నన్ను అడిగిండు. వాడంత చుట్టు నిలబడ్డది. నేను ఏమన్ననో ఇను. "నాకు సదువు రాదు సారూ. ఏ గోలి ఎవరిదో నాకేం తెలుస్తది? తాళంచెవి సిస్టరమ్మ పట్కపోయింది."

సుజాత ముందటికొచ్చింది. అబద్ధం, ఆమె బొడ్లె చూసిన అన్నది. నేను ఆమె మీదికి పోయిన. బిడ్డ రోగం గిన్నొద్దులు మీ అందరి కాడ దాచిపెట్టిన మనిషి మాట నమ్ముతరా అన్న. ఆమె నన్ను నమ్మి చెప్పిన ముచ్చటనే తీసి ఆమె మొఖాన కొట్టిన. జనం నా దిక్కే నిలబడ్డరు. మైకుల మాట్లాడినదాన్ని గద.

సిస్టరమ్మ అప్పుడే వచ్చింది. "తాళంచెవి మొదటి నుంచీ మీ దగ్గరే ఉంచాను కదండీ," అన్నది. నాకియ్యలే అన్న. ఎవరో ఎనుక నుంచి, ఆంధ్రామె గద, మన పిల్లలు ఎట్ల పోతే ఆమెకేంది అన్నరు. ఇంకొకరు అందుకున్నరు. అందరు అందుకున్నరు. నేను ఆపలే. మా కోపం నిజమైన కోపం, దాన్ని నా అబద్ధానికి కావలి పెట్టిన. సిస్టరమ్మ ఒక్క మాట అంటే నేను దొరికిపోదును. ఈమెకు సదవడం వచ్చు, నేనే నేర్పాను అంటే అయిపోతుండె. అనలే. నా దిక్కు చూసింది. ఎందుకు అనలే? ఇన్నేండ్ల సంది నన్ను నేనే అడుగుతున్న.

ఆమెను వేరే దిక్కు పంపిన్రు. మల్ల ఎవ్వరు రాలే. గది తాళం రాయితోని పలగ్గొట్టి ఇరిగిన బెంచీలు నింపిన్రు. తల్లులు వచ్చి కూసునే జాగ పోయింది. తాగొచ్చి కొట్టేటోళ్ళను అడిగే మనిషి పోయింది. తెలంగాణ వచ్చిననాడు నాకు శాలువ కప్పిన్రు. కప్పుతుంటే ఒంగిన. గా సిగ్గులేని ఒంగుడు యాదికొస్తే నా మెడ నేనే ఇరుసుకోవాలనిపిస్తది.

రమ్య వేళ్ళు ఒకదానికొకటి అతుక్కపోయినయి. బీడీ చుట్టరాదు, పెన్ను పట్టరాదు. బట్టల దుకాణంల ఎడమచేత్తోని చీరెలు మడత పెడుతది. నేను పోతే స్టూలు జరిపి, కూసో అమ్మమ్మా అంటది. తల్లి చెప్పింది నిజమని ఆమెకు తెల్వదా? తెలిసే అంటదా? అడిగే నోరు నాకు లేదు, మైకుల లేసిన నోరు. సుజాత మాత్రం నన్ను చూస్తే చాట ఎత్తుకోని లోపలికి పోతది. ఇన్నేండ్లైనా అట్లనే. ఆమె చేసేదే సరైంది.

మాఫీ అడుగుతలేను. ఎవరిస్తరు, ఇస్తే మాత్రం తీసుకునే చేతులా ఇవి? సిస్టరమ్మ నేర్పిన అక్షరాలతోని ఇన్నొద్దులు దుకాణం బోర్డులు సదివిన, బస్సు పేర్లు సదివిన, నిజం ఒక్కటే రాయలే. ఇప్పుడు రాస్తున్న. తాళంచెవి నా బొడ్లెనే ఉండె. డబ్బ మీది పేరు నాకు సదవొచ్చు.

రాసిన.