అత్తను బయట నిలబెట్టిన రోజు

పాము పగ పన్నెండేళ్ళంటారు. నా పగ అంతకంటే ముదిరింది.

మా నాయన అక్క, భర్త పోయాక కళ్యాణదుర్గం పక్కన పల్లెలోని మా ఇంటికే వచ్చేసింది. అప్పటినుంచి ఇంట్లో ఆమె మాటే చెల్లేది. నెలసరి వస్తే నన్ను గొర్రెల కొట్టం పక్కన కూర్చోబెట్టేది. నీళ్ళ చెంబు నేలమీద పెట్టి, కాలితో నావైపు తోసేది. అదంతా ఓర్చుకున్నాను. పదో తరగతిలో, రేపు సైన్సు పరీక్ష అనగా, నా ఒడిలో పుస్తకాన్ని కట్టెపుల్లతో అవతలికి లాగేసింది చూడండి, అది మాత్రం ఓర్చుకోలేదు.

"పుస్తకమంటే సరస్వతి. ఆ నెత్తురుతో ముట్టుకుంటే చదువు యాడొస్తాది మే" అంది.

రాలేదు. సైన్సు తప్పాను. సప్లిమెంటరీలో గట్టెక్కినా, ఊళ్ళో చాలాకాలం నేను పరీక్ష తప్పిన పిల్లనే.

ఇప్పుడు నేను అన్నం తినేది ఆ నెత్తురు మీదే. అనంతపురంలో ఒక ల్యాబులో పని. ఇష్టపడి ముందుకొచ్చిన ఆడవాళ్ళు నెలసరి రక్తాన్ని సిలికాన్ కప్పులో పట్టి, మేమిచ్చిన ట్యూబులో పోసి, ఐస్ డబ్బాలో పెట్టి ఇస్తారు. దాన్ని యంత్రంలో గిర్రున తిప్పి పొరలుగా విడదీసి, మాకు కావలసిన పొరను ప్లాస్టిక్ గిన్నెలో పెంచుతాం. కడిగితే మిగతావన్నీ కొట్టుకుపోతాయి. మూలకణాలు మాత్రం అడుగును పట్టుకుని వదలవు, నాలాగే మొండివి. వాటిని ఎముక కణాలుగానో కొవ్వు కణాలుగానో మార్చి చూస్తాం. మందు దాకా పోవడానికి ఇంకా చాలా దూరముంది.

మొన్న అత్త మోకాళ్ళు చూపించుకోవడానికి టౌనుకొచ్చి, మా ల్యాబుకూ వచ్చింది. అరిగిన కీళ్ళకు నేనేదో పెంచుతున్నానని నాయన చెప్పాడట. వస్తూనే కణాల గది తలుపు మీద చెయ్యి వేయబోయింది. ఆ గదిలోకి మేమైనా సరే చేతులు కడిగి, వేరే గౌను, వేరే చెప్పులు వేసుకునే పోతాం. బయటి మురికి కాస్త సోకినా కణాలు చచ్చిపోతాయి.

ఓడలు బండ్లయ్యే రోజు వచ్చిందని నాకు ఒళ్ళంతా సంతోషం.

"ముట్టుకోవద్దత్తా. దూరం పోయి నిలబడు. నీ అంటు తగిలితే చెడిపోతాయి" అన్నాను.

లోపల ఏముందని అడిగింది. ముట్టు నెత్తురని, ఆమె మొహం చూస్తూ, నింపాదిగా చెప్పాను. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని చీరకు తుడుచుకుంది. వరండా మలుపులో కుర్చీ ఉంది. చూపించలేదు. లోపలికి పోయి నా పని చూసుకున్నాను. మధ్యమధ్య తలుపు అద్దంలోంచి చూశాను. గోడకు ఆనుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూ నిలబడే ఉంది. నాకు జాలి కలగలేదు.

నేను బయటికొచ్చేసరికి అత్త దాహమంది. నీళ్ళ సీసా తెచ్చి నేలమీద పెట్టి, కాలితో ఆమె వైపు తోశాను.

అత్త సీసాను చూసింది. నన్ను చూసింది.

"ఇంగా మర్చిపోలేదా మే?"

"లేదత్తా."

మోకాళ్ళు పట్టుకుని, వంగలేక వంగి, సీసా అందుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను.