సిద్ర చెట్టు కింద భోగి పళ్ళు

ఆ రోజుల్లో దోహాలో ఏ వీధి చూసినా తవ్వకాలే. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా విప్పి మళ్ళీ కుడుతున్నారు. అల్ సద్‌లో నేను పనిచేసే ఇంటి మేడమ్ కూడా ఆ కప్పు తాలూకు ఆఫీసులోనే చేసేది. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రావడం. వాళ్ళ ఏడాది పాపను చూసుకునే పని నాది. దుమ్ము తుడవడం, పాపకు తినిపించడం, మళ్ళీ దుమ్ము తుడవడం. రెండేళ్ళకోసారి సెలవని కాగితంలో ఉంది గానీ, అప్పటికి మూడో ఏడు నడుస్తోంది. కప్పు అయ్యాక చూద్దాం అనేది మేడమ్. అడగడానికి కూడా నాకు ఓపిక పోయింది.

భోగి ముందురోజు అమ్మకు ఫోన్ చేశాను. నా కూతురు అమ్మ దగ్గరే పెరుగుతోంది.

"రేపు దానికి పళ్ళు పోస్తన్నామే. అయిదు నిండిపోతన్నాయి గదా, ఇంక ఇదే ఆఖరు," అంది.

మా ఇళ్ళల్లో అయిదేళ్ళ దాకే పోస్తారు. రేగు పండంటే సూర్యుడి పండనీ, అందుకే ఎర్రగా గుండ్రంగా ఉంటుందనీ పంతులుగారు చెబితే మా నాయనమ్మ తల ఊపేది గానీ నమ్మేది కాదు. వైద్యుడు లేని కాలంలో, చలికి పిల్లలు దగ్గులతో పోతుంటే ఆడవాళ్ళు ఏం చేస్తారు అనేది. ఎవరూ నీళ్ళు పోయకపోయినా బతికే ముళ్ళ చెట్టు కాబట్టి, దాని మొండితనం పిల్లకు రావాలని పళ్ళు తెచ్చి తల మీద పోశారట. శ్లోకాలన్నీ తర్వాత వచ్చినవేనట. నాకూ ఆ మాటే సబబుగా తోస్తుంది. భయపడ్డ తల్లులు పుట్టించిన పండుగ అది.

ఆ ఇంటి పెరట్లో సిద్ర చెట్టు ఉండేది. ముల్లూ, ఆకూ, కాయా అంతా మన రేగే. మేడమ్ అత్తగారు దాని ఆకులు ఎండబెట్టి తలకు రుద్దుకునేది. భోగి నాటి సాయంత్రం సగం పండిన కాయలు గుప్పెడు ఏరి, నానబెట్టిన శనగలు కలిపాను. పాపను చాప మీద కూర్చోబెట్టి, మూడుసార్లు దిష్టి తిప్పి తల మీద పోశాను. పాప కిలకిలా నవ్వింది. నేను తలెత్తేసరికి గుమ్మంలో మేడమ్ ఉంది. ఆ ఒక్క రోజే త్వరగా వచ్చింది.

"షిను హాదా? ఏంటిది? దాని మీద ఏం చదివావు?" అంటూ పాపను లాక్కుంది.

చేతబడి అనుకుంది. పనిమనిషి మీద ఆ అనుమానం పడితే ఉద్యోగం పోవడంతో ఆగదు, జైలేనని పనికొచ్చిన మావాళ్ళంతా చెప్పుకునేవాళ్ళు. "మాఫీ, మేడమ్, మాఫీ," అలాంటిదేం లేదు అని వాళ్ళ మాటలో అన్నానే గానీ, సంగతంతా విడమరచి చెప్పే అరబ్బీ నాకెక్కడిది.

అత్తగారు వచ్చి కింద పడ్డ కాయల్ని చూసింది. "మేమూ పోసేవాళ్ళం. పిల్ల అడుగులు వేయగానే గింజలూ మిఠాయిలూ తల మీద పోసేవాళ్ళం. దీని నాన్నకు నేనే పోశాను," అంది కోడలితో.

మేడమ్ తగ్గలేదు. "పెదవులు కదలడం నేను చూశాను. ఏం అందో చెప్పమనండి."

ముసలావిడ నా వైపు తిరిగింది. "చెప్పు. ఏం మాట అది?"

అప్పుడు గానీ నేనేం అన్నానో నాకే తెలియలేదు. అబద్ధం చెప్పవచ్చు. దానికీ ఓపిక లేకపోయింది.

"నా కూతురి పేరు," అన్నాను. "పోసింది ఈ పాపకే. నోటికి దాని పేరొచ్చింది."

సిగ్గేసింది. ఒక పిల్ల దీవెన దొంగిలించి ఇంకో పిల్లకు పంపినట్టయింది.

మేడమ్ పాప జుట్టులో చిక్కుకున్న శనగ గింజ తీసింది. "వచ్చే ఏడు రెండు పేర్లూ చెప్పు," అంది చివరికి.

మంచి మాటే. ఉద్యోగం నిలిచింది. వాళ్ళు లోపలికి వెళ్ళాక కాయలన్నీ ఏరాను. వచ్చే ఏటికి నా కూతురు ఆ వయసు దాటిపోతుంది. ఆ సంగతి మేడమ్‌కు చెప్పలేదు.