చెంచా కాడ మీద పేరు

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ చూసి జనం ఆ నటుడే చనిపోయాడనుకున్నారు. నిలువెత్తున అతనే ఉన్నాడు, వెండిరంగు దుస్తుల్లో, చంకలో హెల్మెట్‌తో. పైన ఎర్రటి అక్షరాలతో ‘కన్నీటి నివాళి’. నిజంగా పోయిన మనిషి ఫోటో కింద మూలన అరచేయంత ఉంది, ఫ్లెక్సీ వేయించిన వాళ్ళ ఫోటోల వరుసకి కాస్త పైన.

నేను ఉదయగిరి బస్సు దిగి నిమిషం కాలేదు. చేతిలో ముప్పై చెక్క చెంచాల సంచి ఉంది. టీ కొట్టాయన నన్ను పట్టుకుని, "ఎప్పుడు పోయినాడంట? మొన్న కూడా టీవీలో చూసినానే" అని అడిగాడు. నేను సంచి నేల మీద పెట్టి, ఫ్లెక్సీ దగ్గరికి పోయి, మూలనున్న ఫోటో మీద వేలు పెట్టాను.

"పోయింది ఈయన."

"ఈయనెవురు?"

మీ ఊరివాడే, కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు, ఆ సీరియల్ కథల్ని పుస్తకాలుగా రాసింది ఈయనే అని చెప్పాను. ఆయన "ఓహో" అని టీ వడకట్టుకోవడంలో పడిపోయాడు. పాలు పొంగుతున్నాయి, ఆయన్ననడానికి లేదు. కానీ ఆ ‘ఓహో’ నాకు గుర్తుంది.

ఇప్పుడు నేను రాస్తున్న ఇందులో ఎవరి పేరూ రాయద్దని దీన్ని అచ్చు వేసేవాళ్ళు అన్నారు. సరేనన్నాను. ఎవరన్నారో, ఏ రోజన్నారో అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

మాది ఉదయగిరి. దుర్గం కొండ కింద వీధిలో చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తాను. పగలంతా చేతిలో బాడిసో ఆకురాయో ఉంటుంది, చెవులు మాత్రం టీవీ మీద ఉంటాయి. ఆ అంతరిక్ష నౌక సీరియల్ అలాగే పట్టుకుంది. సీరియల్ తీసిన కంపెనీయే దాన్ని చిన్న చిన్న నవలలుగా వేయడం మొదలుపెట్టింది. అట్ట మీద నటుడి ముఖం, కంపెనీ గుర్తు. బస్టాండు కొట్లో దొరికేవి. టీవీలో నౌక ఎగురుతుందంతే. పుస్తకంలో ఆ నౌకలో మనుషులు తింటారు, పోట్లాడుకుంటారు, ఇల్లు గుర్తొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటారు. అందుకని టీవీ కంటే పుస్తకమే నాకు నచ్చింది. నచ్చింది కాబట్టే తప్పు కనిపిస్తే ఊరుకోలేకపోయాను.

మొదటి పుస్తకంలో నౌక లోపలి గోడలన్నీ పెద్ద అయస్కాంతాలని రాశాడు. రెండో పుస్తకంలో అదే నౌకలో అందరూ స్టీలు చెంచాలతో భోంచేస్తారు. చెంచా నోటి దాకా ఎలా పోతుంది, గోడకి పోయి అతుక్కోదా? రెండు పేజీల ఉత్తరం రాసి పుస్తకం వెనక ఉన్న అడ్రసుకి పంపాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. మూడో ఉత్తరానికి జవాబుగా ఒక ఆదివారం రాసిన మనిషే వచ్చాడు. సన్నగా, నుదుటి మీద చెమటతో, నా మూడు ఉత్తరాలూ చొక్కా జేబులో పెట్టుకుని ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చాడు. అన్నాళ్ళూ నేను రాసేది హైదరాబాదులో ఎవరో పెద్దాయన అనుకున్నాను.

స్టెయిన్‌లెస్ స్టీలు అన్నిటికీ అయస్కాంతం అంటదని మొదలుపెట్టాడు. కొన్నిటికి అంటుతుందని నేను. మా ఇంట్లో ఉన్న చెంచాలన్నీ తెచ్చి, పాత స్పీకరు విప్పి దాని అయస్కాంతం తీసి పరీక్ష పెట్టాం. ఏడింటిలో నాలుగు అతుక్కున్నాయి. ఆయన కాసేపు ఆ నాలుగింటినీ చూసి, చుట్టూ చూశాడు. నా చుట్టూ చాప మీద బిక్కి కర్రతో చేసిన చెంచాలు గుట్టగా పడి ఉన్నాయి.

"అన్నా, అది ఇట్లియ్యి" అన్నాడు.

మూడో పుస్తకం నుంచి ఆ నౌకలో అందరివీ చెక్క చెంచాలే. టీవీలో అది లేదు, అది ఆయనది. ఇంకో ఆచారం కూడా పెట్టాడు. ఎవరి చెంచా వారిది. మనిషి పోతే అతని చెంచాని బోర్లించి తన అరలోనే ఉంచేస్తారు, ఇంకెవరూ దాంతో తినరు. చదివినవాళ్ళంతా ఆ పేజీ దగ్గర ఆగిపోయామని చెప్పుకునేవాళ్ళు.

నేనూ ఆగాను, కానీ వేరే కారణానికి. పుస్తకమంతా వెతికినా ఎక్కడా నా పేరు లేదు. ఈసారి నేనే బస్సెక్కి ఆత్మకూరు పోయి అడిగాను. ఆయన నవ్వి, చివరి పేజీ తిప్పి, ప్రెస్సు అడ్రసు కింద చీమంత అక్షరాలు చూపించాడు. ‘నవలా రూపం’ అని, పక్కన ఆయన పేరు.

"నా పేరే ఈడుండాది. నీ పేరు యాడ పెట్టేది అన్నా?"

ఆ మాటతో నా కోపం దారి మళ్ళింది. అంతవరకూ ఆయన మీద ఉన్నది కంపెనీ మీదికి పోయింది, ఈ రోజుకీ అక్కడే ఉంది.

ఎనిమిదో పుస్తకంలో ఆ చీమ అక్షరాలు కూడా తీసేశారు. అప్పటికే ఆయన కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి నెల్లూరు పోతున్నాడు. కుడిచేతికి సూదులు పెడితే ఎడమచేతి బొటనవేలితో ఫోన్లో టైపు చేసుకుంటూ రాసేవాడు. కాగితం పెట్టు, అడుగు, నీకు చేతకాకపోతే నేను రాస్తాను, సంతకం పెట్టు అన్నాను. "రాయనిస్తా ఉండారు గదన్నా, అది చాలు" అన్నాడు. తొమ్మిది, పది కూడా అలాగే వచ్చాయి. పదకొండోది, చివరిది, పేరు సంగతి తేల్చుకోకుండా ఇవ్వనని నాకు మాటిచ్చాడు. ఇచ్చేశాడు. తెలిసిన రోజు నుంచి నేను ఆయనతో మాట్లాడలేదు. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో రెండుసార్లు ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు. నలభై రెండేళ్ళకే పోయాడు. మిగతా వాటన్నిటికీ ఎవరి మీద ఫిర్యాదు చేయాలో నాకు తెలుసు. దీనికి తెలియదు.

ఆయన పోయిన మూడో రోజు నాకు హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. ఆ పుస్తకాల అభిమానులకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, చేసింది దాన్ని నడిపేవాడు. ఉదయగిరిలో చెంచాలు చేసేవాళ్ళ కోసం వెతికి నా నంబరు పట్టుకున్నాడంట. పెద్ద కర్మ నాడు ఇరవై తొమ్మిది మందిమి ఆత్మకూరు వస్తున్నామనీ, నవల్లో లాగా ఆయన భార్యతో కలిపి తలా ఒకటి, మొత్తం ముప్పై చెక్క చెంచాలు బోర్లించి నివాళి ఇస్తామనీ చెప్పాడు. గొంతు బొంగురుపోయి ఉంది, ఏడ్చినవాడి గొంతే. అది కాదనను. కానీ వెంటనే, "అంకుల్, చెంచా నవల్లో ఉన్నట్టే రావాలి. డ్రాయింగ్ పంపిస్తా, చూసి చేయండి" అన్నాడు.

పంపాడు. నా చెంచాకి బొమ్మ గీసి నాకే పంపాడు. కాడ కొసన వంపు తప్పు గీశాడు.

కాడ మీద ఏం చెక్కాలో కూడా రాశాడు: సీరియల్ గుర్తు, కింద ఆ నటుడు వేసిన కెప్టెన్ పాత్ర పేరు. రాసినాయన పేరేదని ఫోన్ చేసి అడిగాను. నసిగాడు. గుర్తు వాడుకోవడానికి కంపెనీని అడిగామని, గుర్తు ఉన్న వస్తువు మీద వేరే పేరేదీ ఉండకూడదని వాళ్ళు షరతు పెట్టారని చెప్పాడు. వేరే పేరంట.

"అయితే గుర్తు తీసేద్దాం" అన్నాను.

"గుర్తు లేకపోతే అది ఏ నవలదో ఎవరికి తెలుస్తుంది అంకుల్?"

ఫోన్ పెట్టేశాను. ఎనిమిది రోజులు కూర్చుని ముప్పై చెంచాలు చేశాను. వంపు సరిగ్గా పెట్టాను. మేకు ఎర్రగా కాల్చి ప్రతి కాడ మీదా ఒక్కటే కాల్చాను: ఆయన పేరు, ఇంటిపేరుతో సహా. పెద్ద పేరు. కాడ చివరి దాకా వచ్చింది. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే చెరిగిపోకుండా లోతుగా కాల్చాను.

కల్యాణమండపంలో సభ. స్టేజీ మీద కూడా అదే ఫ్లెక్సీ, అదే నటుడు. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని కెప్టెన్ గురించి మాట్లాడారు. విజయవాడ నుంచి వచ్చిన ఒకమ్మాయి, అంతరిక్షంలో చెక్క చెంచా అనే ఊహ అసలు మామూలు మనిషికి రాదని చెప్పి ఏడ్చింది. నేను మూడో వరసలో నా మోకాళ్ళ మీదున్న సంచి పట్టుకుని విన్నాను. ఇక్కడికి ఒక బస్సు దూరంలో వీధికి పదిళ్ళలో ఆ ఊహని చెక్కుతున్నారని లేచి చెబుదామనుకున్నాను. ముందు వరసలో ఆయన భార్య కూర్చుని ఉంది. ఆమెను చూసి ఊరుకున్నాను. నేను ఊరుకోవడం చాలా అరుదు కాబట్టి రాస్తున్నాను.

సంచి విప్పాక గ్రూపు నడిపే అతను మొదటి చెంచా తీసి తిప్పి చూశాడు. ముఖం మారింది.

"గుర్తు ఏదంకుల్?"

"వేయలేదు."

"కంపెనీకి ఫోటోలు పంపాలి. మేం అడిగింది ఇది కాదు."

"నువ్వడిగింది కాదు. ఆయన అడగాల్సింది."

అతను ఆ చెంచాని నా సంచి మీద పెట్టేశాడు. వెనక నిలబడ్డవాళ్ళకి ఏం చేయాలో తోచలేదు. అప్పుడు ఆయన భార్య లేచి వచ్చింది. ఒక చెంచా తీసుకుని, కాడ మీద అక్షరాలు వేలితో తడిమి చదువుకుంది. "ఇంటిపేరు కూడా యేసినావన్నా" అంది. పోయి ఫ్లెక్సీ ముందు బల్ల మీద దాన్ని బోర్లించింది. తర్వాత మిగతావాళ్ళు వరసగా వచ్చి తీసుకున్నారు. విజయవాడ అమ్మాయి ఆ పేరుని పైకే చదివింది. మూడు పుస్తకాలుగా ఆ పేరు ఎక్కడా అచ్చులో లేదు కాబట్టి కొందరు దాన్ని కొత్తగా చూసినట్టు చూశారు. బల్ల మీద ఇరవై తొమ్మిది చెంచాలు బోర్లా పడ్డాయి. అతనిది మాత్రం సంచిలో మిగిలింది. కావాలంటే తీసుకోమని రెండోసారి అడగలేదు నేను.

పదకొండో పుస్తకం రెండు నెలలకి వచ్చింది. బస్టాండు కొట్లోనే నిలబడి మొదటి పేజీ, చివరి పేజీ, అట్ట లోపల, ప్రెస్సు అడ్రసు కింద, అన్నీ చూశాను. లేదు. పోయిన మనిషికి నివాళి అన్న ముక్క కూడా లేదు.

మిగిలిన ఆ చెంచాని అట్టపెట్టెలో పెట్టి, ఈ పేరు పుస్తకం మొదటి పేజీలో వేయమని కాగితం రాసి, కంపెనీకి రిజిస్టరు పోస్టులో పంపాను. పుచ్చుకోలేదని తిరిగొచ్చింది. మళ్ళీ పంపాను, మళ్ళీ వచ్చింది. మూడోసారి పెట్టె మూల నలిగి వచ్చింది గానీ చెంచాకి ఏమీ కాలేదు, మంచి కర్ర.

పోయిన సోమవారం కొత్త పెట్టెలో పెట్టి తీసుకుపోయాను. ఉదయగిరి పోస్టాఫీసులో కౌంటరు దగ్గరున్న అమ్మాయి అడ్రసు చూసి తలెత్తింది.

"మళ్ళా అదేనా పెదనాయనా? మళ్ళా తిరిగొస్తాది."

"రానీ" అన్నాను. "ముద్ర బాగా పడేటట్టు ఎయ్యి."