సైరన్ మోగితే ఓడెస్సా

యాభై దాటినా హాలీవుడ్ స్టూడియోలో ఓడెస్సాను అందరూ 'అమ్మాయ్' అనే పిలుస్తారు. నల్లజాతి మనిషి కాబట్టి ఆమెకు దొరికేది పనిమనిషి వేషమే. తెల్ల ఏప్రన్‌కి తనే గంజి పెట్టుకుని, నిటారుగా నడిచొస్తుంది. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక, సాయంత్రమైతే నెత్తిన హెల్మెట్ పెట్టుకుని తమ వీధికి విమానదాడుల కాపలా కాస్తోంది. శత్రువిమానాలకు ఊరి ఆనవాలు దొరక్కూడదు కాబట్టి, ఏ కిటికీలో వెలుగు కనబడినా ఆ ఇంటి తలుపు తట్టి ఆర్పించాల్సిందే.

ఇప్పుడు తీస్తున్న యుద్ధచిత్రంలో సైరన్ మోగగానే ఆమె కెవ్వుమని బల్లకింద దూరాలట. "గుడ్లు తేలెయ్యి అమ్మాయ్, జనానికి నవ్వి పొట్టలు చెక్కలవ్వాలి," అన్నాడు దర్శకుడు క్రౌలీ. "సైరన్ మోగితే ఏం చెయ్యాలో నాకు తెలుసులెండి," అంది ఓడెస్సా. కెమెరా తిరిగింది, సైరన్ మోగింది. ఆమె దీపం ఆర్పి, కిటికీ తెర లాగి, కథానాయిక చెయ్యి పట్టుకుని, "పదమ్మా, నేనున్నాగా," అంటూ మెట్లు దించింది.

క్రౌలీ మొహం కందగడ్డయింది. "రేపట్నుంచి నీకిక్కడ వేషాల్లేవు."

"విమానాల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకి పనిస్తున్నారు బాబూ. ఇంతకీ ఈ సీను మళ్ళీ తీస్తారా?" అంది ఓడెస్సా.

కెమెరామన్ నవ్వు ఆపుకుంటూ, "ఫిలిం కూడా రేషనేగా సార్. మిగిలింది చివరి సీనుకే బొటాబొటీ," అన్నాడు. ఆ మాట ఓడెస్సా పొద్దున కాఫీల దగ్గరే విన్నది.

"సరే, అదే ఉంచండి," అని గొణిగాడు క్రౌలీ.

ఓడెస్సా ఏప్రన్ విప్పి మడతపెట్టింది. చీకటి పడేలోగా హెల్మెట్ అందుకోవాలి.